ఎంత దూరమైనా వచ్చేవాడు

రెండు వేల మూడు వందల వాహనాలు. పద్దెనిమిది వేల మంది జనం. ఆట మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. అయినా లాలాగూడ ఫుట్‌బాల్ స్టేడియం బయట ఒక్క హారన్ మోగలేదు.

కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూస్తున్న జంగయ్యకు తన కళ్లనే నమ్మబుద్ధి కాలేదు. లోకో ఎలెవన్ జట్టు ఆడిన ప్రతి శనివారం, ఇరవై రెండేళ్లుగా, ఆ మైదానంలో విజిల్ ఊదుతూ బండ్లు పెట్టించింది అతనే.

"చూశారా జంగయ్యగారూ, ఇక మీరు గొంతు చించుకోనక్కర్లేదు," అంది డాక్టర్ హైమవతి.

2041లో ఆమె తయారుచేసిన పార్కింగ్ యంత్రం పేరు 'దారి'. అది చేసే పని చెప్పుకోవడానికి తేలికే. బండి ఎక్కడ పెట్టాలో, ఏ గేటులోంచి వెళ్లాలో, ఎన్నింటికి బయల్దేరాలో మ్యాచ్ రోజు పొద్దున్నే ప్రతి ఒక్కరి ఫోన్‌కీ మెసేజ్ వస్తుంది. నేలలో పాతిన సెన్సార్లు ఏ జాగా నిండిందో, ఏది ఖాళీగా ఉందో చెబుతుంటాయి. చెప్పినచోట కాక మరోచోట పెడితే గేటు తెరుచుకోదు. ఇదొక ఎత్తు. వాన పడితే ఎవరు మానేస్తారో, ఓడిపోతుంటే ఎవరు సగంలో లేచిపోతారో కూడా అది ముందే అంచనా వేయగలగడం మరో ఎత్తు.

ఆ అంచనా నేర్పింది జంగయ్యే. అంతకుముందు వేసవిలో హైమవతి రెండు నెలలు అతని పక్కన కూర్చుంది. సీజన్ టికెట్ ఉన్నవాళ్ల ఫోటోలు ఒక్కొక్కటే చూపించి అడిగింది. అతను తనకు తెలిసింది దాచుకోకుండా చెప్పాడు. ఎలీషా ఫోటో రాగానే అతని ముఖం విప్పారింది.

"వీడు నా దోస్తు మేడమ్. రైల్వే వర్క్‌షాపుల ఇనుప దిమ్మె పడి మోకాలు పోయింది. అయినా ఇరవై ఆరేండ్ల సంది ఒక్క మ్యాచ్ ఇడువలే. వాన పడనీ, వరసగా ఏడు మ్యాచులు ఓడనీ, ఎంత దూరమైనా వస్తడు. అసుమంటోనికి గేటు పక్కన్నే జాగ ఇయ్యాలె."

"తప్పకుండా. అలాంటివాళ్ల కోసమేగా ఇదంతా," అంది హైమవతి రాసుకుంటూ.

మొదటి సీజనంతా ఎలీషా మూడు చక్రాల స్కూటర్ ఒకటో గేటు పక్కనే నిలిచింది. రెండో సీజన్‌లో అతని జాగా కదలడం మొదలైంది. ముందు ప్రహరీ అవతలికి. తర్వాత మార్కెట్ వెనక్కి. నవంబర్ వచ్చేసరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలోని పాత గూడ్స్ షెడ్డుకి. అక్కణ్ణుంచి బస్సు ఉంది. కానీ దాని మెట్లు ఎక్కడం అతని వల్ల కాదు. చేతికర్ర పట్టుకుని నడిచే వచ్చాడు. స్టేడియం చేరేసరికి సగం ఆట అయిపోయింది.

"నువ్వు లోపల్నే ఉన్నవు గదరా జంగా," అన్నాడు ఎలీషా, వాచిన మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడుతూ. "నన్ను అంత దూరం ఎల్లగొట్టేదానికి నేనేం జేసిన?"

జంగయ్య సరాసరి హైమవతి గదికి వెళ్లాడు.

ఆమె ఏమీ దాచలేదు. "గేటు దగ్గర ఉన్నవి నాలుగు వందల జాగాలే. స్టేడియం నిండాలి, ఈ ఏడాది యాజమాన్యం 'దారి'ని అడిగింది అంతే. దూరమైతే మానేసేవాళ్లకు దగ్గర జాగా ఇస్తే వస్తారు. ఎలాగూ వచ్చేవాళ్లను దూరం పంపినా సీటు ఖాళీ కాదు."

"ఎలీషా ఎలాగూ వస్తడని దానికెట్ల తెలుసు?"

హైమవతి కళ్లు దించుకుంది. "మీరే చెప్పారు."

"గేటు పక్కన జాగ ఇయ్యిమని గూడ చెప్పిన గద!"

"రెండూ చెప్పారు. దానికి పనికొచ్చింది మొదటిదే."

"మీకెప్పటి సంది తెలుసు మేడమ్?"

"జూన్ నుంచి."

జూన్ నుంచి రోజూ ఇద్దరూ కలిసే టీ తాగారు. ఎలీషా ఎలా ఉన్నాడని ఆమె రెండు మూడుసార్లు అడిగింది కూడా. జంగయ్య బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున ఎలీషా ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నా నోటితోనే నిన్ను ముంచిన. ఇప్పుడొక్కటే ఉపాయం. మూడు మ్యాచులు రాకు. వీడు వస్తడో రాడో అని దానికి అనుమానం పుట్టాలె."

ఎలీషా మోకాలు రాసుకోవడం ఆపాడు. "అంటే, ఆటంటే ఇష్టం లేనట్టు నటించాల్నా?"

"నటించాలె."

మొదటి శనివారం ఎలీషా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పది నిమిషాలకోసారి జంగయ్యకు ఫోన్ చేసి స్కోరు అడిగాడు. రెండో శనివారం ఒక్కసారే చేశాడు. మూడో శనివారం ఫోన్ రాలేదు. బాగా నటిస్తున్నాడని జంగయ్య మురిసిపోయాడు.

నాలుగో శనివారం 'దారి' దిగొచ్చింది. ఎలీషా పేరు మీద ఒకటో గేటు, మొదటి వరస, మొదటి జాగా. జంగయ్య వెళ్లి అక్కడే నిలబడ్డాడు. మూడున్నర దాటింది. స్కూటర్ రాలేదు. ఫోన్ చేశాడు.

"ఏడిదాక వచ్చినవ్‌రా?"

"ఏడికి?" అంది నిద్రమత్తు గొంతు.

"మ్యాచ్‌కి! జాగ వచ్చింది, మెసేజ్ చూడలేదా?"

"చూసిన." ఎలీషా ఆవలించాడు. "నటిద్దామనే మొదలువెట్టిన జంగా. గని పోయిన మ్యాచ్‌ల గెల్సినమో ఓడినమో అడగాలని గూడ అనిపియ్యలే. అన్నం తిన్నంక కన్ను అంటుకుంటుంది, హాయిగుంటుంది. నీ మీద కోపం గాదు. కోపముంటే వచ్చి నాలుగు తిట్టి, ఆట చూసి పోతుంటి."

పది నిమిషాలు చూసి 'దారి' ఆ జాగాను మరొకరికి ఇచ్చేసింది. తెల్ల కారొకటి మెల్లగా వచ్చి జంగయ్య ముందు ఆగింది. లోపలున్న పెద్దమనిషి అద్దం దించి నవ్వాడు.

"నిజానికి రావద్దనుకున్నామండీ. గేటు పక్కనే పార్కింగ్ అనేసరికి బయల్దేరాం. ఇంతకీ మన టీమ్ ఏ రంగు?"

"నీలం," అని, జంగయ్య పక్కకు తప్పుకున్నాడు.