పైన్ బీరువాకు రెండో తలుపు

"ఏమండీ, పైన ఎవరండీ? ఆరేసిన నా చొక్కాలమీద పిండి చల్లుతున్నారు!"

మేడ పిట్టగోడ మీదుగా ఒక ముఖం తొంగిచూసింది. కనుబొమల నిండా పొడి.

"పిండి కాదండీ, పైన్ చెక్క పొడి. వాసన చూడండి, ఫ్రీ!"

కింద వాటా అబ్బాయి విసవిసా మెట్లెక్కాడు. పోట్లాడడానికి వెళ్ళినవాడు అరగంట తిరిగేసరికి సాండ్‌పేపర్ పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి బడిలో లెక్కల టీచరు. తన బీరువా తానే చేసుకుంటోంది.

"వంతెనలు కట్టే ఇంజినీరుకు బీరువా ఒక లెక్కా?" అంది, అతని ఉద్యోగం అడిగి తెలుసుకుని.

"వంతెనకు సొరుగులుండవు కదండీ!"

అలా మూడు వారాలు ప్రతి సాయంత్రం బీరువా పనే. ఆమె గట్టిగా చెప్పిన నియమం ఒక్కటే. పైన్ చెక్కలో ముడులుంటాయి, వాటిలో జిగురుంటుంది, అది రంగులోంచి పైకి ఊరుతుంది. ప్రతి ముడికీ లక్క పూసి ఒక రోజు ఆరనివ్వాలి. ఆ తర్వాతే రంగు.

సోమవారం అతనికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. ఆదివారం పొద్దున్నే రైలు, పద్నాలుగు గంటల ప్రయాణం. రైలు టైము ఒకసారి జేబులో పడ్డాక మనిషి ఎక్కడ కూర్చున్నా ప్లాట్‌ఫాం మీద కూర్చున్నట్టే. చినుకు పడితే రంగు ఆరదేమోనని మనసు నిలవదు. చెబుదామని మెట్లెక్కడం, "ఇంకెంత పని మిగిలిందండీ?" అని అడిగి దిగిపోవడం.

బుధవారం ఆమె బడికి వెళ్ళినప్పుడు రెండో తలుపుకు లక్క పూయకుండానే నీలం రంగు వేసేశాడు.

శుక్రవారం సాయంత్రానికి నీలంలోంచి పసుపు మచ్చలు పైకొచ్చాయి. ముడికొక మచ్చ, మొత్తం పదకొండు.

"లక్క పూశారా?" అడిగింది ఆమె.

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క రోజు ఆగలేకపోయారా? ఎవరైనా తరుముతున్నారా మిమ్మల్ని?"

"ఎల్లుండి నా రైలు. ట్రాన్స్‌ఫర్."

"ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఐదు రోజులా! ఐదు రోజులు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారా?"

"బీరువా పూర్తయ్యాక చెబుదామని..."

"ఏమని? బీరువా బాగుంది, వెళ్ళొస్తాననా?"

"మీరంటే నాకు ఇష్టమని. పని సగంలో వదిలిపోయేవాడు ఆ మాటంటే ఎవరు నమ్ముతారు?"

ఆమె చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాడు. దిగిపోదామా, ఉందామా? ఒక మెట్టు దిగాడు, మళ్ళీ ఎక్కాడు. అంతలో ఆమె స్క్రూడ్రైవరుతో వచ్చి, ఆ తలుపు బందులు ఊడదీసి, తలుపును అతని చేతుల్లో పెట్టింది.

"ఏమిటిది?"

"రంగు గీకండి. లక్క పూయండి. ఆరనివ్వండి. అక్కడ కూడా ఆదివారాలుంటాయిగా?"

"నాలుగడుగుల తలుపుతో రైల్లోనా!"

"సీటు కింద పెట్టుకోండి. బందులూ స్క్రూలూ నా దగ్గరే ఉంటాయి. బిగించాలంటే ఇక్కడికి రావలసిందే."

గుమ్మంలోంచి ఆ అమ్మాయి తల్లి అంది: "తలుపు లేకపోతే బట్టలకు దుమ్ము పట్టదుటే?"

"పడితే దులుపుకుంటానమ్మా."

తల్లి ఇద్దరినీ చూసింది. అతను తలుపును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డాడు. ఆవిడకు నవ్వొచ్చింది.

"నాయనా, వచ్చేటప్పుడు మీ అమ్మగారినీ నాన్నగారినీ వెంటబెట్టుకురా. అంత తలుపు ఒక్కడివే ఎలా మోస్తావు?"

అతను తలూపి, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"రంగు ఎన్ని పూతలు వేయమంటారు?"

"రెండు చాలు. మూడోది వేస్తూ అక్కడే కూర్చున్నారంటే ఊరుకోను" అంది ఆమె, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.