ఎల్లమ్మకు పొయ్యని సాక

"నీ మొగుడు ఆమెతోని నవ్వుతడు. నువ్వు గ్లాసులు కడుగుతవు. మిషన్ అంతే," అన్నాడు చీఫ్ కృష్ణకాంత్, మల్లీశ్వరితో.

మహబూబ్‌నగర్‌లో ఓ ఫోటో స్టూడియో వెనకగదిలో బ్రీఫింగ్ జరుగుతోంది. తెర మీద స్నేహలత ఫోటో. పుట్టింది తిరుమలగిరిలో, వైన్ ఎక్స్‌పర్ట్‌గా చలామణి అవుతున్నది పారిస్‌లో. విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. మన డిఫెన్స్ ల్యాబుల రహస్యాలు ఆ ముఠాకు ఎలా చేరుతున్నాయో చెప్పే చిప్ ఒకటి తెస్తోంది. ఆలంపూర్ దగ్గర సైదమ్మ కుటుంబం నడిపే వైనరీలో, ముంబై వ్యాపారి వేషంలో వచ్చే అమరేందర్ చేతికిస్తుంది. ఆ ముఠా మనుషులను కళ్లారా చూసి ప్రాణాలతో మిగిలిన ఏజెంట్ అతనొక్కడే.

అతనే మల్లీశ్వరి భర్త.

ఆమెకు కమ్మలో మైక్, చెవిలో ఇయర్‌పీస్, మత్తు సూది పేల్చే గ్యాస్ లైటర్ ఇచ్చారు. అతనికి కొత్త సూటు ఇచ్చారు. మీసం మాత్రం తనంతట తానే తీసేసుకున్నాడు. పెళ్లైన కొత్తలో ఆమె ఎంత బతిమాలినా తియ్యని మీసం అది.

వైనరీ టేస్టింగ్ రూమ్‌లో పనిమనిషి వేషంలో గ్లాసులు తుడుస్తూ మల్లీశ్వరి అంతా చూస్తోంది. నది దాటేటప్పుడు వాన పడిందా అని అమరేందర్ అడిగాడు. గొడుగు నాది కాదని స్నేహలత జవాబిచ్చింది. కోడ్ కలిసింది. ఆ వెంటనే ఆమె చెయ్యి వచ్చి అతని భుజం మీద వాలింది. ఆమె ఏదో అంటే అతను పగలబడి నవ్వాడు. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లైందో మల్లీశ్వరికి గుర్తురాలేదు.

సైదమ్మ తమ రెడ్ వైన్ గురించి చెబుతోంది. రెండు రకాల ద్రాక్షలతో విడివిడిగా తీసిన వైన్లను కలిపి చేస్తారట. "ఒక్క పీపాల పోస్తే మొదట్ల రెండిటికీ పడది బిడ్డా. ఒకదాన్ని చూసి ఇంకోటి పుల్లబడ్తది. జర ఓపిక పట్టాలె."

మల్లీశ్వరి చేతిలో గ్లాసు కిర్రుమంది.

ముందు ఆ రెండింటినీ వేరువేరుగా రుచి చూశారు. వైన్ ఎక్స్‌పర్ట్‌ల పద్ధతిలో స్నేహలత పుక్కిలించి గిన్నెలో ఉమ్మేసింది. అమరేందర్ గుటుక్కున మింగాడు. ఎంత ముంబై వేషం వేసినా మోత్కూర్‌లో తన పుట్టింటి కల్లు తాగిన అల్లుడే కదా! అయితే పెదవికి గ్లాసు ఆనించే ముందు రెండుసార్లూ స్నేహలత ఉంగరపు వేలు ముంచి, ఎవరూ చూడకుండా నేల మీద చుక్కలు చిలకరించింది. మల్లీశ్వరి గుర్తుపట్టింది. కల్లు ముట్టే ముందు బాపు కూడా అట్లనే ఎల్లమ్మకు సాక పోసేవాడు. పారిస్ పోయినా ఆ అలవాటు ఆమెను వదల్లేదు. అది కూడా ఎంత అందంగా చేసిందో అనుకుంటే కడుపు ఇంకా మండింది.

చివరికి కలిపిన వైన్ సీసా స్నేహలతే లోపల్నుంచి తెచ్చింది. చిప్ సీసా అడుగున అంటించి ఉందని సైగ చేసింది. రెండు గ్లాసుల్లో పోసి, తనది పైకెత్తింది.

చుక్క నేల మీద పడలేదు.

మల్లీశ్వరి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. తల వంచి కమ్మలోకి గొణిగింది. "చీఫ్, ఆమె సాక పొయ్యలే. వైన్ల ఏదో కలిపింది."

"మల్లీశ్వరీ, గది డ్యూటీ మాటనా, కడుపుమంట మాటనా?"

ఇప్పుడు అడ్డుపడి తన అనుమానం తప్పైతే మిషన్ పాడైతది, డిపార్ట్‌మెంటంతా నవ్వుతది. నోరు మూసుకుంటే? అమరేందర్ గ్లాసు మీసం లేని పెదవి దాకా వచ్చింది.

"మేడమ్," అంది పనిమనిషి గొంతుతో, గట్టిగా. "తల్లికి సాక పొయ్యడం మర్సిపోయిండ్రు."

"అవు బిడ్డా, పొయ్యి," అంది సైదమ్మ.

స్నేహలత నవ్వి వేలు గ్లాసు దాకా తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. మనిషిని చంపడానికి వెనకాడని చెయ్యి, తల్లికి విషం పొయ్యడానికి వెనకాడింది.

అమరేందర్ గ్లాసు దింపేశాడు. స్నేహలత చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. పిస్టల్ సగం బయటికి వచ్చేలోపే గ్యాస్ లైటర్ టిక్కుమంది. ఆమె కుర్చీలోనే ఒరిగిపోయింది.

చిప్ ఖాళీది. సీసాలో విషం ఉందని ల్యాబ్ తేల్చింది. తమను చూసిన ఆ ఒక్క ఏజెంట్‌ను చంపడానికే ముఠా ఆమెను పంపింది. పక్కకు చూపు తిప్పని నిఘా అంటూ చీఫ్ మల్లీశ్వరిని మెడల్‌కు సిఫార్సు చేశాడు.

తిరుగు ప్రయాణంలో, జీపులో అమరేందర్ అడిగాడు. "గంత చిన్న సంగతి నీకెట్ల కనపడ్డది?"

"ఆమె చెయ్యి మీదికెల్లి కన్ను తియ్యలే."

"ఎందుకు?"

"నీ భుజం మీద ఉండె కాబట్టి," అంది మల్లీశ్వరి. కిటికీ వైపు తిరిగి, "మీసం పెంచు," అంది.