సర్పంచ్‌కు ఇల్లు చూసిన ఆదివారం

ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లలో అడుగుపెట్టిన అభినవ్‌ను ముందుగా పలకరించింది రాణి కాదు, సర్పంచ్.

సర్పంచ్ అంటే ఒక కార్గీ కుక్క. జానెడు కాళ్లు, మూరెడు ఒళ్లు, చేటల్లాంటి చెవులు. ఎవరో కాళేశ్వరం దారిలో బస్ షెల్టర్‌కు కట్టేసి వెళ్లిపోతే, పశువుల దవాఖానలో అసిస్టెంటుగా పనిచేసే రాణి ఇంటికి తెచ్చుకుని, పెంచుకునేవాళ్ల కోసం ఇన్‌స్టాలో ఫొటో పెట్టింది. వాడకట్టులో ఎవరు గొంతు పెంచినా పరుగున వెళ్లి మధ్యలో నిలబడుతుంది కాబట్టి దానికి ఆ పేరు స్థిరపడింది.

మందను మలిపే జాతి అది. గొర్రెలు దొరక్కపోతే మనుషులతో సరిపెట్టుకుంటుంది. అభినవ్ మడమల వెనక చేరి, మూతితో పొడుస్తూ పొడుస్తూ, అతన్ని నీళ్ల డ్రమ్ముకూ గోడకూ మధ్య నిలబెట్టేసింది.

"మేడమ్, జర పిలువుండ్రి. కరుస్తదా ఏంది?"

"కదిలితె కరుస్తది. గట్లనే నిలబడుండ్రి," అంది రాణి. నిజానికి అది ఇంతవరకూ ఎవర్నీ కరిచిన పాపాన పోలేదు. ఆ సంగతి చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

"ఇన్‌స్టాల ఫొటో చూసి జనగామ నుంచి వచ్చిన. తీస్కపోతనని ఫోన్ చేసిన గద!"

"తీస్కపోతనంటె ఇచ్చేస్తరా? ఇదేమన్న మీ దుకాణంల చక్కెర బస్తానా?"

"మాది కిరాణా హోల్‌సేల్ అని మీకెట్ల తెలుసు?"

"చొక్కా నిండ జీలకర్ర వాసన."

అభినవ్ తన భుజం తనే వాసన చూసుకున్నాడు. రాణికి నవ్వొచ్చింది కానీ పెదవి బిగబట్టింది. ఈ విషయంలో తొందరపడి మెత్తబడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. సర్పంచ్‌ను మొదట పరకాల వాళ్లు తీసుకెళ్లారు, తర్వాత మహబూబాబాద్ వాళ్లు. ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ మూలకు తోలుతోందని ఇద్దరూ తెచ్చి వదిలేశారు. రెండోసారి వచ్చినప్పుడు అది తిండి మానేసి గేటు వైపే చూస్తూ పడుకుంది. ఇంకోసారి వెనక్కి వస్తే ఇక ఏ మనిషినీ నమ్మదని రాణి భయం. అందుకే ఈసారి తన కళ్లతో ఇల్లు చూడనిదే ఇవ్వకూడదని గట్టిగా అనుకుంది.

"ఇంట్ల అందరికి చెప్పిండ్రా?"

"ఆ... చెప్పిన."

"ఆదివారం మా బాపును తీస్కోని వస్త. ఇల్లు చూస్త. అటెంకనే మాట."

"మా అక్క పెండ్లికి గూడ గిన్ని షరతులు లేకుండె," అన్నాడు అభినవ్, డ్రమ్ము వెనక నుంచే.

"మీ అక్కకు నోరున్నది. దీనికి లేదు."

అతను ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆ సంగతి రాణికి తర్వాత తెలిసింది. తండ్రి వెంకట్రాజానికి కుక్క అన్న మాటే గిట్టదు. ఎలా కదపాలో తోచక, శనివారం అన్నం తింటూ "రేపు భూపాలపల్లి నుంచి ఇల్లు చూడనీకి వస్తున్నరు," అని మాత్రం అనేసి, చేయి కడుక్కుని బయటికి జారుకున్నాడు.

పెళ్లీడు కొడుకున్న ఇంటికి ఆదివారం పూట పొరుగూరి నుంచి ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే, ఎందుకని అడిగే అమాయకులు జనగామలో ఎవరూ లేరు. పిల్లనిచ్చేవాళ్లు ముందుగా వచ్చి ఇల్లూ వాకిలీ చూసుకోవడం అక్కడి ఆనవాయితీ. తల్లి సులోచన రాత్రికి రాత్రే పరదాలు మార్చింది. పొద్దున్నే ఆడబిడ్డ కమలాదేవిని పిలిపించి మిరపకాయ బజ్జీల పని అప్పగించింది.

రాణి కుక్కను కిరాయి కారులో డ్రైవర్ తిరుపతికి అప్పగించి, తండ్రి లింగయ్యతో కలిసి దిగింది. గేటు దగ్గరే కాళ్లకు నీళ్లిచ్చారు. ఎంత మర్యాదస్తులు అనుకుంది.

"పిల్లనే వచ్చిందేంది వదినె?" కమలాదేవి గుసగుసలాడింది.

"ఈ కాలం పిల్లలు. మంచిదే గద!"

రాణి గేటు సందుల్లో చేయి పెట్టి చూసింది. మెట్లు ఎక్కి దిగింది. ఫినాయిల్ డబ్బా ఎక్కడ పెడతారో అడిగింది. ఆమె వెనకే తిరుగుతున్న సులోచన, ఇంత పనిమంతురాలు తన కొడుక్కి ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయింది.

"పొద్దంత ఇంట్ల ఎవరుంటరమ్మా?" అడిగింది రాణి.

"నేనుంట బిడ్డా. నేనేడికి పోత?"

"ఎవరన్న గట్టిగ ఒర్రుతరా?"

"మా ఆయన ఒర్రుతడు. గని మనసుల ఏముండది."

సోఫాలో ఉన్న వెంకట్రాజం దగ్గాడు.

"మరి నచ్చకపోతె వాపస్ పంపుతరా?"

సులోచన చేతిలోని బజ్జీల పళ్లెం కింద పెట్టేసింది. "అయ్యో, గదేం మాట బిడ్డా! ఇంట్లకొచ్చినంక మా పానం లెక్క చూస్కుంటం. వాపస్ పంపుడు మా ఇంటా వంటా లేదు."

ఇన్నాళ్లకు దొరికింది, ఈ మాట అనే ఇల్లు, అనుకుంది రాణి. సంతోషం పట్టలేక అభినవ్ వైపు చూస్తే అతను తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఆ చెవులెందుకు అంత ఎర్రబడ్డాయో ఆమెకు అంతుబట్టలేదు.

సులోచన కుంకుమ భరిణె తెచ్చి రాణికి బొట్టు పెట్టింది. "ఇల్లు నచ్చినట్టున్నది. మరి మా పిలగాడు నచ్చిండా?"

"పిలగాని సంగతి దేవుడెరుగు. ముందుగాల గేటుకు ఇనుప జాలి కొట్టియ్యుండ్రి. లేకుంటె సందులకెళ్లి బయటికి ఉర్కుతది."

"ఏది ఉర్కుతది?"

"మా కుక్క."

లింగయ్య నోటి దాకా వెళ్లిన బజ్జీ అక్కడే ఆగిపోయింది. కమలాదేవి సులోచనను చూసింది. సులోచన కొడుకును చూసింది.

"కుక్కనా!" వెంకట్రాజం ఇల్లు అదిరేలా ఒర్రాడు.

ఆ గొంతు వీధిలోకి వినిపించింది. గొంతు పెరిగిన చోట సర్పంచ్ లేకుండా ఎలా? తిరుపతి చేతుల్లోంచి జారి, నేరుగా హాల్లోకి దూసుకొచ్చి, చుట్టూ తిరిగి, అందర్నీ పొడిచి పొడిచి బీరువా పక్కన ఒక చోటికి చేర్చింది. ఆరడుగుల వెంకట్రాజం పంచె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చెల్లెలి భుజం మీంచి దాన్ని చూశాడు. ముందు కోపంగా, తర్వాత వింతగా.

"మా గుమస్తాలందరు కలిసినా గిరాకిని గిట్ల ఒక్క లైన్ల పెట్టలేరు గదరా!" అన్నాడు.

అందరూ నవ్వారు, రాణి తప్ప.

"ఇంట్ల చెప్పినవా అంటె చెప్పిన అన్నవ్," అంది అభినవ్‌తో. అప్పటిదాకా వాడిన 'మీరు' ఎటు పోయిందో ఆమెకే తెలియదు. "నన్ను పెండ్లిపిల్లను చేసినవని గాదు నా కోపం. మీ అమ్మ ఇచ్చిన మాట దీనికి గాదు గద! నేను నమ్మి ఇడిచిపోతె, మల్ల ఇది వాపసే గద!" కళ్లు తుడుచుకుని తాడు అందుకుంది. "కుక్కను ఇయ్య. పోదాం పా బాపు."

అభినవ్ ఈసారి ఫ్యాను వైపు చూడలేదు. "తప్పయింది," అన్నాడు.

మరుసటి ఆదివారం అతను నల్ల టీషర్టు వేసుకుని భూపాలపల్లిలో బస్సు దిగాడు. "ఇంట్ల అంత చెప్పిన. నాయిన కొన్ని దినాలు మాట్లాడలే."

"ఇప్పుడు?"

"గా కుక్క ఏం తింటది అని అడుగుతుండు."

రాణి కరగలేదు. ముందు గేటుకు జాలి కొట్టించమంది. పై వారం వచ్చి, వెల్డర్ దొరకడం లేదన్నాడు. ఆ పై వారం మెట్లకు అడ్డుతలుపు కావాలంది. తర్వాత మీ వాకిట్లో టైల్స్ జారుతున్నాయంది. ఈలోగా వానాకాలం వచ్చింది. బొగ్గు నీళ్లలో తిరిగి సర్పంచ్ తెల్లటి కాళ్లు నల్లబడేవి. ఇద్దరూ నల్లా దగ్గర కూర్చుని రుద్దేవాళ్లు. అది ఒళ్లు విదిలిస్తే ఇద్దరూ తడిసేవాళ్లు. రాణి కొంగుతో ముఖం తుడుచుకునేలోపు అభినవ్ చూపు పక్కకు తిప్పుకునేవాడు, ఒక్కోసారి మరిచిపోయేవాడు.

"గా ఇంటికి ఇంకెన్ని వంకలు పెడతవ్ బిడ్డా?" రెండో షిఫ్టుకు వెళ్తూ అడిగాడు లింగయ్య.

"కుక్క కోసం బాపు."

"అవునవును, కుక్క కోసమే," అని మీసం చాటున నవ్వుకుంటూ వెళ్లాడు.

ఒక ముసురు ఆదివారం క్వార్టర్ ముందు కారు ఆగింది. గొడుగు కింద సులోచన, గొడుగు బయట వెంకట్రాజం. షాంపూ నురగలో మోచేతుల దాకా మునిగిన అభినవ్ కొయ్యబారిపోయాడు.

"నువ్వు వచ్చి మా ఇల్లు చూస్తివి. ఇప్పుడు మా వంతు," అన్నాడు వెంకట్రాజం రాణితో. "బిడ్డా, గేటుకు జాలి ఎప్పుడో అయిపోయింది. వెల్డర్ ఎంబడి కూసొని నేనే కొట్టిచ్చిన. మెట్లకు తలుపు పెట్టిచ్చిన. టైల్స్ మీద గోనె పట్టాలు పరిచిన. ఇంకేం తక్కువైందని ఇస్తలేవు?"

రాణి మెల్లగా అభినవ్ వైపు తిరిగింది. "వెల్డర్ దొరుకుతలేడన్నవ్?"

"దొరికిండంటె నువ్వు కుక్కనిచ్చేస్తవ్," అన్నాడతను. "కుక్కనిచ్చేస్తె మల్ల ఆదివారం ఏ మొఖం పెట్టుకొని ఇటు రావాలె?"

ఆమె కోప్పడాలి. రెండోసారి అబద్ధమాడాడు. కానీ ఏ నోటితో కోప్పడుతుంది?

"మీ టైల్స్ ఏం జారుతలేవు," అంది తల దించుకుని. "నేను మంచిగనే నడిచిన. ఇది పోతె నువ్వు రావని... గట్ల చెప్పిన."

చేతుల నురగ సంగతి మరిచి అభినవ్ ముఖం తుడుచుకున్నాడు. ఆ ముఖం నిండా, నురగతో సహా, నవ్వు పరుచుకుంది.

వెంకట్రాజం వెళ్లి, వసారాలో ఉన్న లింగయ్య పక్కన మంచం మీద కూర్చున్నాడు. "అన్నా, మీ పిల్లను మా ఇంటికి అడుగుతున్న. మా దిక్కు చుట్టాలు కులం, గోత్రం అని నాలుగు మాటలంటరు."

"మా దిక్కు గూడ అంటరు. ఏం చేద్దాం?"

"నేను ఒర్రుత గద. ఒర్రి చెప్త."

లింగయ్య కూతురి వైపు చూశాడు. రాణి కుక్క పక్కన కూర్చుని, దాని తడి చెవులను తన చెంపకు ఆనించుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి. లేచి, తాడు తీసి వెంకట్రాజం చేతిలో పెట్టింది.

"దీన్ని ముందుగాల తోలిస్తున్న మామా. దీని ఎనుక నేనొస్త."

సులోచన పైట చెంగుతో కళ్లొత్తుకుంది. అభినవ్ తండ్రి భుజాన్ని నురగ చేత్తోనే కుదిపాడు.

"నాయినా, నిన్ను 'మామా' అన్నది! విన్నవా?"

"విన్నరా! నాకేం చెవుడు లేదు!" అని క్వార్టర్లన్నీ అదిరేలా ఒర్రాడు వెంకట్రాజం.