అత్తగారు వెయ్యని గింజ

వానలు మొదలై తొమ్మిది రోజులైంది. ఊరంతా మొక్కజొన్న విత్తేసింది. పక్కింటివాళ్ళ చేలో మొలకలు వేలెడు లేచాయి. కోడలు అపోండి చేలో మాత్రం నల్లమట్టి నోరు తెరుచుకుని అలాగే ఉంది. బుట్టలో విత్తనాలున్నాయి, చేతిలో పార ఉంది, ఒంట్లో సత్తువ ఉంది. లేనిదల్లా ఒకటే... అత్తగారు ఇంకా విత్తలేదు.

ఆ ఊరి ఇళ్ళల్లో అత్త మొదటి గింజ వెయ్యనిదే కోడలు తన చేలో గింజ వెయ్యకూడదు. వేస్తే ఇంటికి చెడుపు చుట్టుకుంటుందని పెద్దల మాట. అత్తగారు దొర్సిలా ముసలమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసే, గడప ముందు ముక్కాలి పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. వానకేసి చూస్తుంది, కోడలికేసి చూస్తుంది, మళ్ళీ వానకేసి చూస్తుంది. ఇంకో వారం దాటితే గింజ వేసినా కండె పట్టదు. ముగ్గురు పిల్లలున్న కొంప. ఏడాదంతా ఏం తింటారు?

ముసలమ్మ నోరు మంచిది కాదు. అది అబద్ధం కాదు. పన్నెండేళ్ళుగా కోడలు వండిన మొక్కజొన్న ముద్ద ఆవిడకి ఒకరోజు రాయి, ఒకరోజు గంజి. కోడలిని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం అక్కడ ఆనవాయితీయే, కానీ దొర్సిలా "సేమే పిల్లా" అంటే ఆ ఊరు ఊరంతా తిట్టు తిన్నట్టుండేది. భరించలేక, నెల కిందట బుధవారంనాడు ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో అపోండి లేచి నిలబడింది. మా అత్తగారి నాలుకను ప్రభువు మెత్తబరచాలని ప్రార్థించండి అంది. ఏడ్చింది కూడా. నలభై మంది మోకరించారు. దొర్సిలా అని పేరు పెట్టి మరీ ప్రార్థించి, ఆమెన్ అన్నారు. సాయంత్రానికి చేపల సంతలో అందరూ ముసలమ్మకి జాలిగా దారి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆవిడ ఒక్కటే మాట అంది. "నలభై మంది నా నాలుక కోసం మోకాళ్ళూనారట. అంత పొడుగని నాకే తెలీదు."

అంతే. ఆ తర్వాత తిట్టలేదు. తిట్లకంటే అదే భయంగా ఉంది అపోండికి.

పాస్టరుగారు మోటారుసైకిల్ మీద వచ్చి, ఈ ఆచారాలన్నీ చీకటి, ప్రభువు పేరు చెప్పి విత్తేసెయ్యమ్మా అన్నారు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు ఫోనులో అదే మాట అన్నాడు. శత్రువుని ప్రేమించు అని ఆదివారం ఆదివారం చెప్పేదీ ఆ పాస్టరుగారే. వేదికెక్కి చెప్పడానికేం! ఆ శత్రువు మన వంటింటికి పదడుగుల్లో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నప్పుడు చెప్పాలి.

అపోండి బుట్ట పట్టుకుని చేనిగట్టు దాకా వెళ్ళింది. చెడుపు అంటే ఆమెకి భయం లేదు. కానీ అత్త చచ్చిపోయిన ఇంట్లోనే కోడలు ముందు విత్తుతుంది. ఇప్పుడు గింజ వేస్తే, బతికున్న మనిషితో నువ్వు చచ్చావని చెప్పినట్టే... ఆమెకి చెయ్యి రాలేదు. బుట్ట దింపేసి, పార భుజాన వేసుకుని, తిన్నగా ముసలమ్మ చేలోకి దిగి తవ్వడం మొదలుపెట్టింది.

"ఎవరి చేలో ఉన్నావో కనబడుతోందా, సేమే పిల్లా?"

"మీ చేలోనే, అత్తమ్మా."

"కూలి ఇవ్వను."

"అడగలేదుగా."

"నువ్వు తవ్వావని నేను విత్తుతాననుకోకు."

రెండు రోజులు తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడోరోజు పార ఎత్తబోయి ఆగిపోయింది. తను చేస్తున్నది ప్రేమ కాదు, లంచం. ముసలమ్మకీ అది తెలుసు, అందుకే ఆ పీట మీంచి కదలట్లేదు. ఆ ఆలోచన రాగానే అపోండికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ కఠినమైన మనిషి ఎవరంటే అత్తగారివైపే వేలు చూపింది... ఆ వేలు ఇటు తిప్పడానికి పన్నెండేళ్ళు పట్టింది. వానలో తడుస్తూనే వచ్చి, గడప ముందు నేలమీద కూర్చుంది.

"తప్పు చేశాను, అత్తమ్మా. ప్రార్థన అని పేరు పెట్టి నలుగురిలో మీమీద చాడీ చెప్పాను."

ముసలమ్మ చాపిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది. చూరునీళ్ళు ఇద్దరి మధ్యా కారుతూనే ఉన్నాయి.

"నా పెద్దకొడుకు పోయినప్పుడు కూడా ఆ సంతలో నేను తల దించలేదే... నీ ఆమెన్‌కి దించాను. నా మొహాన తిట్టి ఉండాల్సింది. తిడతాను, తిట్టించుకుంటాను, అది నాకు చేతనవును. జాలి పడ్డారే, అది నావల్ల కాదు."

కోడలు కళ్ళు తుడుచుకుంది. అత్త తుడుచుకోలేదు.

మర్నాడు బుధవారం. అపోండి కూటంలో మళ్ళీ లేచింది. ఈసారి ఏడవలేదు. మా అత్తగారి పేరు మీ ప్రార్థనల్లోంచి తీసెయ్యండి, ఆవిడ పరువు నేనే సంతలో పారేశాను అని చెప్పింది. నలభై మందీ నేలచూపులు చూశారు. మరి ఎవరి కోసం ప్రార్థించమంటావని ఒక పెద్దావిడ అడిగింది.

"నా కోసం. ఆవిడ తీరు ఆవిడది. ఆవిడని ప్రేమించడం నాకు చేతకావడం లేదు."

ఆ మాటా సాయంత్రానికి సంతకి చేరింది. చేరకేం.

గురువారం తెల్లవారుతుండగా అపోండి తలుపు తీసేసరికి గడప ముందు పీట ఖాళీగా ఉంది. దొర్సిలా చేలో ఉంది. నడుం వంచి, గింజలు వేస్తూ, మడమతో మట్టి కప్పుతోంది. ఒక్క సాలు పూర్తిచేసి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"అలా గుంజలా నిలబడ్డావేం? బుట్ట తెచ్చుకో. ఇన్ని రోజుల వాన తాగింది భూమి, ఇంకా నీ ముఖం చూస్తూ కూర్చుంటుందా?"

అపోండి పరుగెత్తింది. పిల్లలు వెనకే పరుగెత్తారు. మధ్యాహ్నానికల్లా ముసలమ్మ చేను అయింది, సాయంత్రానికి అపోండి చేనూ అయింది. ఒళ్ళు పులిసిపోయింది కానీ, ఎన్నాళ్ళకో ఆమె గుండె తేలిగ్గా ఉంది. దొర్సిలా కర్ర పొడుచుకుంటూ కోడలి చేలోకి వచ్చింది. మీ ఊళ్ళో కోళ్ళ కోసం విత్తుతారా, ఇంత పైపైనా అని సణిగింది. వంగి, మట్టి తీసి, గింజ ఎంత లోతులో ఉందో చూసి మళ్ళీ కప్పింది. ఇంకోటి చూసింది. మూడోదీ చూసింది. మూడూ సరైన లోతులోనే ఉన్నాయి.

నాలుగోది చూడలేదు.