ఉత్తుత్తి పస్తులు

గడ్డం గీసుకోకపోవడం బద్ధకమే తప్ప పేదరికం కాదని ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? ప్రార్థనామందిరం వెనక షెడ్డులో బస్తీవాళ్లకి మధ్యాహ్నం భోజనం పెడుతున్నారంటే, వడ్డించడానికని వెళ్లాడు ఇంజనీరింగ్ కుర్రాడు. నోరు తెరిచేలోపే పాస్టరుగారి మేనకోడలు అతని చేతిలో కంచం పెట్టేసింది.

"మొహమాటపడకండి. చదువుకున్నారా?"

"కొంచెం."

వలపు సిగ్గెరుగదంటారు. ఇతనిది బుద్ధి కూడా ఎరగదు. కూర్చుని తిన్నాడు. మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు.

"కంచంలోకి చూసి తిను అల్లుడూ," అన్నాడు పక్కనున్న రిక్షా తాత.

వారం తిరక్కుండానే ఆమె, పాస్టరుగారు అతని కాలేజీకే వచ్చారు. వడ్డించే మనుషులు చాలడం లేదు, విద్యార్థులు రాకపోతే షెడ్డు మూసేయాల్సిందేనట. హాల్లో అందరూ ఫోన్లలో తలలు దూర్చారు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు కంటబడ్డాడు మనవాడు.

"పేదరికం ఎక్కడో లేదు. అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన పస్తులుండి చదువుకుంటున్నారు. రోజూ మా దగ్గరే తింటున్నారు."

ప్రిన్సిపాల్ కళ్లు చెమర్చాయి.

"పస్తులా? పొద్దున నా టిఫిన్ కూడా వీడే మింగాడు కదరా," అన్నాడు రూమ్మేటు.

జాలితో నలుగురు అప్పటికే వడ్డిస్తామని లేచి నిలబడ్డారు. నిజం చెబితే వాళ్లు కూర్చుంటారు, ఆమె ఇక తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె దగ్గర జన్మంతా పస్తులుండాలి. లేచాడు.

"మా నాన్నకి రెండు బట్టల కొట్లున్నాయండీ. వడ్డిద్దామనే వచ్చాను. మీరు కంచమిచ్చారు. మీరు నచ్చారు, అందుకని చెప్పలేకపోయాను."

హాలు గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆకలిగా ఉన్నవాళ్ల తిండి తిన్నారు."

"తిన్నాను. తప్పే. ఏ చాకిరీ చెప్పినా చేస్తాను."

"ఇలాంటి సేవైతే మేమూ వస్తామండీ," అంది వెనక బెంచీ మొత్తం.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "దేవుడు ఎవర్ని ఏ వంకతో పిలుస్తాడో మనకెందుకు? రండి నాయనా. ఈ బాబుకి మాత్రం గిన్నెలు."

నెల గడిచింది. వెనక బెంచీ వడ్డిస్తోంది, మనవాడు కుళాయి దగ్గర మసిగిన్నెలతో కుస్తీ పడుతున్నాడు. మోచేతుల దాకా మసి. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"ఇంకా ఎన్నాళ్లు తోముతారు?"

"మీ కోపం పోయేదాకా."

"కోపం ఎప్పుడో పోయింది."

"మరి చెప్పలేదేం?"

ఆమె కొంగు దోపి, ఎదురుగా కూర్చుని ఒక గిన్నె తనవైపు లాక్కుంది.

"చెబితే రావడం మానేస్తారేమోనని."