మూసి ఉంచాల్సిన నాలుగు నిమిషాలు

రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ కెరిన్ ఎక్కువ మాట్లాడదు. ప్రశ్న అడుగుతుంది, తర్వాత తల ఊపుతుంది. "ఊ" అని కూడా అనదు. పాతకాలపు నటుల, డాన్సర్ల, సర్కస్‌వాళ్ల జ్ఞాపకాలను వాళ్ల గొంతుల్లోనే దాచిపెట్టడం కాన్‌బెర్రాలోని లైబ్రరీలో ఆమె ఉద్యోగం. ఆరేళ్లలో మాట్లాడకూడదన్న ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు.

తప్పింది గోల్బర్న్‌లో, మెర్ల్ ట్రాంటర్ ఇంట్లో.

మెర్ల్‌కి ఎనభై నాలుగేళ్లు. ఒకప్పుడు సర్కస్‌లో ఊయల మీద తలకిందులుగా వేలాడుతూ, గాల్లో ఎగిరొచ్చేవాళ్లను చేతులతో పట్టుకునేది. రికార్డింగ్ మూడో రోజు, సర్కస్ బ్యాండులో బాకా ఊదే అబ్బాయిని తాను ప్రేమించిన సంగతీ, ఆ మాట చెప్పేలోపే అతను వేరే కంపెనీకి వెళ్లిపోయిన సంగతీ చెప్పి ఆగింది.

"ఇందాకట్నుంచీ గుర్రంలా తలాడిస్తున్నావు. నీకెవరూ లేరా, పిల్లా?" అంది.

ఉన్నాడంది కెరిన్. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఆఫీసులో రోవన్ అని ఒకతను ఉన్నాడనీ, వానలో తడిసొచ్చినా ముందు రికార్డింగ్ మిషను తుడిచి ఆ తర్వాతే తల తుడుచుకుంటాడనీ, తన టీలో పాలెన్ని పోయాలో అడక్కుండానే అతనికి తెలుసనీ, అతను ఎదురుపడితే మాత్రం తనకు వాతావరణం గురించి తప్ప మాట రాదనీ నాలుగు నిమిషాలు చెప్పింది. వాళ్లమ్మకు కూడా అంత చెప్పలేదు. మిషను తిరుగుతూనే ఉందని గుర్తురాలేదు.

గుర్తొచ్చింది సోమవారం, రోవన్ పలకరించినప్పుడు. రికార్డింగులు మొదట వినేది అతనే. ఆసాంతం విని, ఏ నిమిషంలో ఏముందో సారాంశం రాస్తాడు.

"మీ సర్కస్ పెద్దావిడ భలే ఉంది. రెండో రోజుది అయిపోయింది. మూడోది మధ్యాహ్నం మొదలెడతా," అన్నాడు.

వాన పడేలా ఉందంది కెరిన్.

రికార్డింగులో ఒక్క మాట కూడా చెరపకూడదు. వినొద్దని అడిగితే ఎందుకంటాడు. మిగిలింది ఒకటే దారి. మాట్లాడిన మనిషి సంతకం చేస్తే, ఆ భాగాన్ని చెప్పినన్నేళ్లు ఎవరూ వినకుండా మూసేస్తారు. ఆమె ఫారం పట్టుకుని గంట ప్రయాణం చేసి మళ్లీ గోల్బర్న్ వెళ్లింది.

మెర్ల్ భూతద్దం పెట్టి ఫారమంతా చదివింది. బాకా అబ్బాయి సంగతి తెరిచే ఉంచమంది. వాడి మనవలు వింటే విననీ అంది. ఆ నాలుగు నిమిషాల దగ్గరకొచ్చేసరికి కలం కింద పెట్టేసింది.

"ఇవి నా మాటలు కావు, నీవి. నువ్వే సంతకం చెయ్యి."

నిజమే, ప్రశ్నలు అడిగినవాళ్ల సంతకానికీ ఫారంలో ఒక గీత ఉంది. ఆరేళ్లుగా కెరిన్ చదవకుండానే దాని మీద సంతకం పెడుతోంది. ఎన్నేళ్లని రాయాలో తోచక ఆవిడనే అడిగింది.

"ముప్పై రాయి. అప్పటికి అతనికి జుట్టుండదు, నీకు సిగ్గుండదు."

కెరిన్ ముప్పై రాసింది. ఆవిడ ఏదైనా సలహా చెబుతుందేమోనని కాసేపు కూర్చుంది. మెర్ల్ ఇంకో కేకు ముక్క తినమంది, అంతే.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర. రోవన్ గదిలోనే ఉన్నాడు. హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతున్నాయి. తెర మీద అంకె నలభై రెండో నిమిషం దగ్గర ఆగి ఉంది.

"విన్నావా?"

"లేదు. ఆపేశాను."

"ఎందుకు?"

"నువ్వు మాట్లాడుతున్నావు."

ఆమె రికార్డింగులన్నీ ఇన్నాళ్లూ తనే అడిగి తీసుకుంటున్నానని చెప్పాడు. ఆమె కుర్చీ కిర్రుమనడం, కాగితం తిప్పడం, నవ్వొస్తే ఊపిరి బిగబట్టడం అన్నీ గుర్తుపడతానన్నాడు. ఆమె తన గురించి మాట్లాడగా మాత్రం ఎన్నడూ వినలేదు. ఎవరూ లేరా అన్న ప్రశ్న వినపడిందట. ఉన్నాడన్న జవాబు వినపడిందట. అక్కడితో ఆపేశాడు.

"అతనెవరో నాకు తెలియడం నీకిష్టమో కాదో," అన్నాడు. "నిజం చెప్పాలంటే, వినడానికి భయం కూడా వేసింది."

కెరిన్ ఫారం బల్ల మీద పెట్టింది. అతను చదివాడు.

"ముప్పై ఏళ్లు. అప్పటికి నాకు అరవై రెండు," అన్నాడు. "సరే, అప్పుడే వచ్చి వింటాను."

మొహంలో నవ్వు లేదు. మిషను కట్టేయబోయాడు.

కెరిన్ అతని చేతి కిందనుంచి ఫారం లాక్కుంది. ముప్పైని కొట్టేసి సున్నా రాసింది, పక్కన సంతకం చేసింది. హెడ్‌ఫోన్స్ తనే ఎత్తి అతని చెవులకు పెట్టి, మీట నొక్కింది.

ఆ నాలుగు నిమిషాలూ ఆమె గోడవైపు తిరిగి, అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. వెనక్కి తిరిగేసరికి రోవన్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు, చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"సారాంశంలో ఏం రాస్తావు?" అనడిగింది.

అతను టైపు చేశాడు. ఆమె వంగి చదివింది. 'నలభై రెండో నిమిషం: ప్రశ్నలు అడిగే ఆమె తన మనసులో మాట చెప్పింది.'

"అవతలి మనిషి జవాబు రికార్డులో లేదు," అన్నాడు రోవన్. "మిషను ఆన్ చెయ్యనా?"

"వద్దు," అంది కెరిన్, తలుపు మూసొచ్చి ఎదురుగా కూర్చుంటూ. "అది నాకొక్కదానికే చెప్పు."