మీరుకీ నువ్వుకీ మధ్య

...‘తిన్నారా’ అంటే మరీ దూరం, ‘తిన్నావా’ అంటే మరీ చనువు, అందుకే ‘భోజనం అయిందా’ అనడమే క్షేమం, ఆ మాటలో భోజనం తప్ప మనుషులుండరు అనుకుంటూ రాఘవ వానలో తడిసి వన్ టౌన్‌లోని బైండింగ్ షాపు మెట్లెక్కాడు. మూడు నెలలుగా షాపు ఓనరు కూతురు శాంభవితో ఇలాగే నెట్టుకొస్తున్నాడు.

తొలిరోజే ఆమె అతని థీసిస్ పేరు చదివి, “ఫ్రస్ట్రేటెడ్ క్వాంటమ్ స్పిన్స్... ఈ ఫ్రస్ట్రేషన్ మీ గైడ్‌దా, మీదా అండీ?” అని నవ్వింది. ఆ నవ్వు కోసం లేని తప్పులు వెతికి నాలుగుసార్లు ప్రింట్లు మార్పించాడు.

“భోజనం అయిందా?”

“అయింది. బైండింగూ అయింది. ఇక మీకు ఇటు పనిలేదు.” నల్ల అట్ట తుడుస్తూ తలెత్తకుండా అంది. “వెళ్లేముందు చెప్పండి, లోపల ఈ త్రిభుజాలేంటి?”

రాఘవకి ప్రాణం లేచొచ్చింది. “మూలకో బుల్లి అయస్కాంతం. పక్కదానికి ఎదురు తిరగాలని ప్రతిదానికీ పట్టుదల. ఒకటి పైకి, ఒకటి కిందికి. మరి మూడోది?”

“ఎటు తిరిగినా ఎవరో ఒకరితో పేచీయే.”

“అదే ఫ్రస్ట్రేషన్! కొన్ని పదార్థాల్లో ఎంత చల్లబరిచినా అవి ఒక దిక్కున కుదురుకోవు. పైకీ, కిందికీ, రెండూ ఒకేసారి...”

“మీరే రాశారన్నమాట, డౌటే లేదు.”

“అంటే?”

“‘టీ తాగడం జరుగుతుందా’, ‘వానలో వెళ్లడం కష్టమేమో’! ఒక్కరోజైనా నన్ను మీరు అన్నారా? నువ్వు అన్నారా? ఆ అబ్బాయి రేడియోలో వార్తలు చదువుతాడా అని నాన్న అడిగారు.”

అతని చెవులు వేడెక్కాయి.

“ఆదివారం ఉయ్యూరు నుంచి సంబంధం వాళ్లొస్తున్నారు. ఆ పెళ్లికొడుకు ఫోన్లో రెండో మాటకే నువ్వు అనేశాడు.”

“ఎంత పొగరు!”

“ఎంత స్పీడు అనండి.” అప్పుడు తలెత్తింది. కళ్లలో నవ్వు లేదు. “రమ్మనాలో వద్దో సాయంత్రంలోగా నాన్నకి చెప్పాలి. ఏం చెప్పనండీ?”

‘ఒప్పుకోకపోవడం మంచిది’ అంటే నోటీసు బోర్డు. ‘ఒప్పుకోకండి’ అంటే పక్కింటాయన సలహా. మూడోది నాలుక చివరే ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఏమనుకుంటుందోనని కాదు, ఒకసారి అన్నాక మళ్లీ వెనక్కి తీసుకోలేననే తన భయమని రాఘవకి ఇప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకోవాలని ఎవరికుంది?

ఆమె చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

“ఒప్పుకోకు,” అన్నాడు.